రొదలోకి పోయిన గుసగుస

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ కొత్తగా కనిపెట్టాల్సిన పని ఉండదు. మా అక్కకు ఇది అందరికంటే బాగా తెలుసు. నేను ఒంటికాలి మీద లేచినప్పుడల్లా ఎదురు చెప్పకుండా వినేది, అయిపోయాక "తిన్నావా?" అని అడిగేది. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండేది.

పగలు నేను ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేస్తాను. అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, "ఎంత చిన్న శబ్దం వినిపించినా చెయ్యెత్తండి" అని చెప్పడం నా ఉద్యోగం. ఆదివారాలు మా నాటక సమాజానికి మిక్సింగ్ చేస్తాను. హాలు మూతపడిన దగ్గర్నుంచి మావాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఆన్‌లైన్‌లోనే నాటకాలు ఆడుతున్నారు. ఆరుగురు నటులు, ఆరు ఇళ్లు, ఆరు కెమెరాలు. అన్నింటినీ నా కంప్యూటర్‌లోకి లాక్కుని, ఎవరి వెనకాల గోడ వాళ్లకు లేకుండా చెరిపేసి, అందరినీ ఒకే బొమ్మలో నిలబెట్టాలి. ఒకరి మాట వెంటనే వస్తుంది, ఇంకొకరిది అర సెకను ఆలస్యంగా వస్తుంది. అందరికంటే వెనకబడినవాళ్ల కోసం మిగతావాళ్లందరినీ నేను పట్టి ఆపాలి. చూసేవాళ్లకు ఇదేమీ తెలియకూడదు. తెలిస్తే నా తప్పు, తెలియకపోతే నటుల గొప్ప.

ఇప్పుడు ఆడుతున్న నాటకం ఒక లిఫ్టు మనిషి కథ. నలభై ఏళ్లు ఒకే భవనంలో లిఫ్టు నడిపినవాడికి అది ఆఖరి రోజు. రేపటి నుంచి ఎవరి మీట వాళ్లే నొక్కుకుంటారు. రోజంతా ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, వాళ్లతో అతని మాటలు, అంతే కథ. ఆరు ఇళ్లలోని ఆరుగురిని నేను ఒక్క లిఫ్టులో కుక్కాలి. ఆ లిఫ్టు మనిషి మా బావ, అంటే అక్క మొగుడు. రెండేళ్లుగా నెలకో ఆట ఆడుతూ వచ్చాడు.

ప్రతి ఆటకు ముందు మాకో అలవాటు ఉంది. ఒక నిమిషం పాటు ఎవరూ నోరు విప్పకూడదు, కుర్చీ కూడా కదపకూడదు. ఆ నిమిషంలో సాఫ్ట్‌వేర్ ఒక్కో గదిలోని రొదనూ వింటుంది. ఫ్యాను, ఫ్రిజ్, వీధిలో పోయే బళ్లు. ఇదీ ఈ గది రొద అని నేర్చుకుంటుంది. ఆట మొదలయ్యాక గొంతు ఉంచి, రొద తీసేస్తుంది. దీన్ని మావాళ్లు గది నిమిషం అంటారు. ఏ గుళ్లోనూ నిలబడనంత బుద్ధిగా నిలబడతారు ఆ ఒక్క నిమిషం.

బావ గదిలో ఇంకో మనిషి కూడా ఉండేది. కెమెరా కింద చిన్న స్టూలు వేసుకుని, ఒళ్లో నాటకం ప్రతి పెట్టుకుని అక్క కూర్చునేది. బావకు అక్కడక్కడా మాట తట్టదు. తట్టనప్పుడు అక్క గుసగుసగా అందించేది. హాల్లో ఆడిన రోజుల్లో పక్క తెర చాటున నిలబడి అందించేది, ఇంట్లో స్టూలు మీద కూర్చుని అందించేది. తేడా అంతే.

ఆన్‌లైన్‌లో మొదటి ఆట రోజు ఒక ప్రేక్షకుడు కింద రాశాడు: "వెనకనుంచి ఎవరో డైలాగులు అందిస్తున్నారు, మాకు వినబడుతోంది." తెర మీద ఆ అక్షరాలు చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఆట అవగానే అక్కకు ఫోన్ చేశాను.

"నువ్వొక్కదానివి నోరు మూసుకుంటే నా పని సగం తగ్గుతుందే! నీ గుసగుసలు ఏరలేక చస్తున్నాను!"

"సరేలేవే, ఇంకా మెల్లిగా చెప్తాను" అంది అక్క. తర్వాత, "తిన్నావా?" అంది.

మర్నాడే బావ మైకు మీద ఫిల్టరు గట్టిగా బిగించాను. గుసగుసలో గొంతు ఉండదు, గాలే ఉంటుంది. గాలిని సాఫ్ట్‌వేర్ రొద అనుకుంటుంది. ఆ తర్వాత అక్క మాట ఒక్కటి కూడా బయటకు పోలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మూడు నెలల కిందట అక్క పోయింది. పొద్దున కాఫీ కలుపుతూ వంటింట్లో కూలబడింది. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. నేను అన్న ఆ మాటకు తప్పయిందని ఎప్పుడూ చెప్పలేదు. అక్కాచెల్లెళ్ల మధ్య ఇలాంటివి మామూలే అనుకున్నాను. ఇప్పుడు చెప్పాలంటే ఎవరికి చెప్పను?

బావ రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకునేవాడు. నాటకం మళ్లీ వేద్దాం అన్నప్పుడు మాత్రం గడ్డం గీసుకుని కెమెరా ముందుకు వచ్చి కూర్చున్నాడు. అది చూసి హమ్మయ్య అనుకున్నాను. ఈ వేషం ఉంటే మనిషి నిలబడతాడు, వేషం పోతే ఇక లేవడు. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

కానీ రిహార్సల్లో బావ ఆగిపోవడం మొదలుపెట్టాడు. ఆరు చోట్ల. ఆగితే మామూలుగా కాదు. నోరు కొద్దిగా తెరిచి, కళ్లు కెమెరా కిందికి దించి, అలాగే ఉండిపోయేవాడు. లిఫ్టులో మిగతావాళ్లు గుడ్లప్పగించి చూసేవాళ్లు. ఏడో అంతస్తు దగ్గరైతే పొద్దుపోయినట్టే. అక్కడ ఒక పెద్దావిడ "ఏ అంతస్తు వచ్చింది నాయనా?" అని అడగాలి. ఆ వేషం వేసేది నిజంగానే ఒక నర్సు, వార్డులో అందర్నీ అదిలించి అదిలించి అలవాటైన మనిషి. ఆమె కూడా పాపం మూడుసార్లు మెల్లిగా అడిగి ఊరుకుంది.

బుధవారం మేష్టారు ఫోన్ చేశారు. మేష్టారంటే మా దర్శకుడు, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, ఇప్పటికీ ప్రతిదీ లెక్క ప్రకారం జరగాలంటారు.

"అమ్మా, మనసు చంపుకుని చెప్తున్నాను. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆట. చూసేవాళ్లు ఐదొందలమంది. మన సమాజంలో వకీలు ఉన్నాడుగా, ఆయన చేత బావ మాటలన్నీ కంఠతా పట్టించాను. యూనిఫాం వేసుకుని, లైటు పెట్టుకుని, తన ఇంట్లో సిద్ధంగా కూర్చుంటాడు. మీ బావ ఎక్కడైనా పది సెకన్లు దాటి ఆగితే, నువ్వు మీట నొక్కు. ఈయన బొమ్మ పోయి ఆయన బొమ్మ రావాలి."

"మేష్టారూ, ఆట మధ్యలోనా? మనిషిని తుడిచేసినట్టు?"

"నాకు మాత్రం సరదానా? పది లెక్కపెట్టు. పదకొండు వద్దు." ఫోన్ పెట్టేశారు.

వకీలు మంచివాడే. ఆయన బట్టతలను సాఫ్ట్‌వేర్ గోడ అనుకుని చెరిపేసేది, లిఫ్టు మనిషి టోపీ పెట్టాకే ఆయనకు తల నిలిచింది. కానీ ఆ మీట నొక్కాల్సిన వేలు నాది. మా అక్క మొగుణ్ణి ఐదొందలమంది ముందు చెరిపేయాల్సింది నేను.

గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మైకు నుంచి వచ్చింది వచ్చినట్టుగా, ఏదీ తీయకముందే, ఒక పచ్చి ఫైలు దాచి ఉంటుంది. పాత ఆటల పచ్చి ఫైళ్లలో అక్క గుసగుసలు ఉండి తీరాలి. వాటిని కోసి, బావ చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టి, ఆయన ఆగిన చోటల్లా వినిపిస్తే సరి. ఇదీ నా ఆలోచన. అప్పటికి ఎంతో తెలివైన ఆలోచన అనిపించింది.

ఫిల్టరుకు ఒక మీట ఉంటుంది, దాన్ని నొక్కితే ఉంచింది కాకుండా తీసేసిందే వినిపిస్తుంది. రొదతో పాటు గొంతు కూడా కొట్టుకుపోతోందేమో చూసుకోవడానికి పెట్టారు. రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా దాన్ని నొక్కలేదు. ఇప్పుడు పోయిన ఏడాది ఆట పెట్టి నొక్కాను.

బావ గొంతు మాయమైంది. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో కుక్క మొరిగింది. కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత, చాలా దగ్గరగా, మా అక్క.

"ఈ తలుపుకి నా చెయ్యే తాళం..."

నేను హెడ్‌ఫోన్లు తీసేశాను. మళ్లీ పెట్టుకున్నాను. ఏడ్చాను, దాచేదేముంది. ఏడుస్తూనే విన్నాను. మాటలు అందించడమే కాదు, మధ్యమధ్యలో ఇంకా ఏవేవో అంటోంది. "నీళ్లు తాగండి." "కాలరు సరిచేసుకోండి." ఒకచోట బావకు మాట సరిగా వినబడలేదేమో, అక్క మళ్లీ చెప్పి, ఆగి, అంది: "ఇంతకంటే గట్టిగా చెప్పలేనండీ, చెల్లి తిడుతుంది."

రోజూ పదిమంది చెవులు పరీక్షించేదాన్ని. ఎంత చిన్న శబ్దమైనా వినమని ఊళ్లోవాళ్లందరికీ చెప్పేదాన్ని. రెండేళ్లు మా అక్కను రొద కింద లెక్కగట్టి ఊడ్చి పారేశాను. చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, ఆరు చోట్లా కోయడం మొదలుపెట్టాను. అప్పుడు ఇంకొకటి కనిపించింది. ఏడో అంతస్తు దగ్గర అక్క "ఎనిమిదో అంతస్తు వచ్చిందమ్మా" అని అందిస్తోంది. ప్రతిలో ఉన్నది ఏడు. మరి బావ? ఫిల్టరు తిరగేసి ఆయన గొంతు విన్నాను. తడుముకోకుండా "ఏడో అంతస్తు వచ్చిందమ్మా" అంటున్నాడు. ఇంకో ఆట తీశాను. అక్క ఎనిమిది, బావ ఏడు. ఇంకో రెండు చోట్ల కూడా అక్క ఏదో ఒక ముక్క మార్చి చెప్పడం, ఈయన సరిగ్గా అనడం. పది ఆటలు తీసి చూశాను. ఒక్కదాంట్లో కూడా బావ తప్పు మాట అనలేదు.

మాటలు రానివాడు అందించిన మాటే అంటాడు. ఈయనకు అన్నీ వచ్చు. ఎప్పుడూ వచ్చు.

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి ముందు బావ ఇంటికి వెళ్లాను. ఇల్లంతా చిందరవందరగా ఉంది. కుర్చీల మీద బట్టలు, బల్ల మీద వారం రోజుల పేపర్లు. కెమెరా కింది స్టూలు మీద మాత్రం ఏమీ లేదు.

"బావా, మీకు మాటలు గుర్తున్నాయి" అన్నాను కూర్చోకుండానే.

ఆయన నా వైపు చూసి, కాఫీ పెడతానంటూ లేచాడు.

"కాఫీ వద్దు. అక్క ఎనిమిది అని అందిస్తే మీరు ఏడు అన్నారు. పది ఆటలు విన్నాను. నాటకాలు నా దగ్గర ఆడకండి."

లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. గోళ్లు చూసుకున్నాడు.

"నీకప్పుడు పదేళ్లుంటాయి. మీ అక్క స్టేజీ మీద ఎంత బాగా చేసేదో నీకు గుర్తుండదు. ఒకరోజు నిండు హాల్లో మాట మర్చిపోయింది. ఒక్క ముక్క. ఎంతకీ రాలేదు. జనం నవ్వారు, మేష్టారు తెర దించేశారు. ఇంటికొచ్చి మేకప్ పెట్టె ఎవరికో ఇచ్చేసింది. నెల రోజులు నాతో అవునూ కాదూ తప్ప మాట లేదు."

"తర్వాత?"

"తర్వాత ఆటకి బతిమాలి తీసుకెళ్లి పక్క తెరలో నిలబెట్టాను. ఒకచోట కావాలని ఆగాను. టక్కున అందించింది. ఇంటికొచ్చాక గంటసేపు తిట్టింది, నేను లేకపోతే మీ పరువు గంగలో కలిసేదని. ఆ తిట్లు విని నాకెంత హాయిగా ఉందో! అప్పట్నుంచీ నాటకానికి ఐదారుచోట్ల మర్చిపోతూ వచ్చాను. ఇరవై ఆరేళ్లు."

"అక్కకు తెలుసా?"

"ఆ ఎనిమిదో అంతస్తు ఎందుకు మొదలుపెట్టిందంటావు? దొంగాట ఆడుతున్నానని పట్టేసిందేమో. నేను అడగలేదు, తను చెప్పలేదు." మొహం అటు తిప్పుకున్నాడు. "ఇప్పుడు ఆగకుండా అనేయాలనే కూర్చుంటాను అమ్మాయ్. మాట నోట్లోనే ఉంటుంది. కిందనుంచి తను చెప్పకుండా బయటికి రాదు. వకీలు కూర్చుంటున్నాడటగా, నాకు తెలుసు. మేష్టారి తప్పేం లేదు."

నేను లాప్‌టాప్ తెరిచాను. కోసిన ముక్కలు ఉన్నాయని, చెవిలో వినిపిస్తానని చెప్పాను. ఆయన ఒకే ఒక్కటి విన్నాడు, "నీళ్లు తాగండి" అన్నది. వినగానే ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"వద్దమ్మా. అవి అప్పటి నాకు చెప్పినవి. ఇప్పుడు నేను ఆగితే తను చూడదు."

గుమ్మం దాకా వచ్చి నా నోరు ఆగలేదు. చెల్లి తిడుతుందని అక్క అన్న మాట చెప్పేశాను. 

"అదా! ప్రతి ఆటకీ అనేది" అన్నాడు బావ. "నవ్వుతూ అనేది. చెల్లికి ఒక్క ముక్క వినబడకుండా ఆట అయిపోతే, గెలిచానని లెక్కపెట్టుకునేది."

ఆదివారం నాలుగింటికి నా కంప్యూటర్లు, తీగలూ మూటగట్టుకుని బావ ఇంటికి వచ్చేశాను. మేష్టారికి చెప్పలేదు. చెప్తే వద్దంటారు. బావకు కూడా ఎందుకో చెప్పలేదు, మా ఇంట్లో నెట్ బాగా లేదన్నాను. స్టూలు మీద కూర్చున్నాను. ఒళ్లో లాప్‌టాప్, పక్కన నేల మీద నాటకం ప్రతి. అక్క పెన్సిల్‌తో గీసిన గీతలు ఆరు చోట్లా ఉన్నాయి. బావ నన్ను చూశాడు. టోపీ సర్దుకున్నాడు.

గది నిమిషం మొదలైంది. ఆరు ఇళ్లలో అందరూ కళ్లు దించుకుని నిలబడ్డారు. ఏడో కిటికీలో వకీలు, అదే యూనిఫాం, అదే టోపీ. ఊపిరి బిగబట్టాలని ఎంత అనుకున్నా నా ముక్కు ఊరుకోలేదు. రెండుసార్లు ఎగబీల్చాను. సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా ఈ గది రొద అనే నేర్చుకుని ఉంటుంది.

ఆట మొదలైంది. మొదటిచోట బావ ఆగాడు. నేను గుసగుసగా అందించాను. ఆయన కళ్లు ఒక్కసారి కిందికి వాలాయి, మాట బయటికి వచ్చింది. రెండోచోట, మూడోచోట కూడా అంతే. మేష్టారు హెడ్‌ఫోన్లలోంచి నా చెవిలో "బాగుంది, బాగుంది" అంటున్నారు. ఫిల్టరు తన పని తాను చేస్తోంది, నా గుసగుస ఎవరికీ పోవడం లేదు. ఐదు చోట్లు దాటాం. కుడిచేతి వేలు మాత్రం వకీలు మీట మీదనుంచి తీయలేదు.

నర్సు లిఫ్టు ఎక్కింది. చేతిలో సంచి, వంగిన నడుము.

"ఏ అంతస్తు వచ్చింది నాయనా?"

బావ ఆగాడు.

నేను నోరు తెరిచాను. గొంతు రాలేదు. గుసగుసకు గొంతు అక్కర్లేదు, గాలి చాలు. ఆ గాలి కూడా రాలేదు. పెన్సిల్ గీత పక్కన అక్క చిన్నగా ఎనిమిది అంకె వేసుకుంది. ఆ గీత, ఆ అంకె, ఆ స్టూలు అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. మూడు. నాలుగు. బావ కళ్లు కిందికి దిగాయి, నా మొహం మీద ఆగాయి. ఐదు. "అమ్మా, లెక్కపెడుతున్నావా?" అన్నారు మేష్టారు. ఆరు. వకీలు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఏడు.

వేలు వకీలు మీట మీదనుంచి తీశాను. తీసి బావ మైకు మీద ఉన్న ఫిల్టరు ఆపేశాను. ఫ్యాను చప్పుడు గుప్పున ఐదొందల ఇళ్లలోకి పోయింది. ఎనిమిది. ఈ గదిలో ఒక మనిషి కూర్చుని మాట అందించిందని, అది రొద కాదని, ఒక్కసారైనా నా చేతులతో నేనే ఒప్పుకోవాలనిపించింది. తొమ్మిది.

"ఎనిమిదో అంతస్తు వచ్చిందమ్మా" అన్నాను.

 బావ మొహం మీదికి నవ్వు వచ్చింది. పట్టుబడ్డవాడి నవ్వు. అది రిహార్సల్లో లేదు, ఏ ఆటలోనూ లేదు. కళ్లు నా మీదనుంచి ఎత్తి నర్సు వైపు తిరిగాడు.

"ఏడో అంతస్తు వచ్చిందమ్మా. మీరు దిగాల్సింది ఇక్కడే. మెల్లిగా దిగండి. నేను కిందికి వెళ్లాలి, ఇంకా మనుషులున్నారు."

వార్డులో ఎవరికీ బెదరని నర్సు కళ్లు తుడుచుకుని మరీ దిగింది.

"ఎవరది? ఎవరో మాట్లాడారు!" మేష్టారు నా చెవిలో అరిచారు.

"నేనే మేష్టారూ" అని ఆయనకు టైపు చేశాను.

 వకీలు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వెంటనే సాఫ్ట్‌వేర్ ఆయన తల చెరిపేసింది, అది నాకొక్కదానికే కనిపించింది.

కింద ఒక ప్రేక్షకుడు రాశాడు: "వెనకనుంచి ఎవరో డైలాగు అందిస్తున్నారు, మాకు వినబడుతోంది."

వినబడనివ్వండి అని రాద్దామనుకున్నాను. కానీ చేతులు ఖాళీ లేవు. నర్సు దిగిపోయింది, లిఫ్టు తలుపులు నేను మూయాలి.